సొంత పుస్తకాల దుకాణం – 4వ పాఠం: సరుకు వచ్చిన రోజు నుంచి వాపసు వెళ్లే రోజు దాకా

మూడో పాఠంతో గది, అద్దె ఒప్పందం, బీరువాలు పూర్తయ్యాయి. ఇక వాటిలో ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఏ షరతు మీద తెప్పించాలి అన్నది చూద్దాం. చిన్న పుస్తకాల దుకాణం చితికిపోయే తీరు చాలాచోట్ల ఒకటే. డబ్బంతా కదలని పుస్తకాల్లో ఇరుక్కుంటుంది, కదిలే పుస్తకం మళ్లీ తెప్పించడానికి చేతిలో రూపాయి ఉండదు. విశాఖలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. ఆర్నెల్లు అరలో కదలకుండా కూర్చున్న పుస్తకానికి సముద్రపు గాలి తేమ పట్టి మచ్చలొస్తాయి. మచ్చపడ్డ పుస్తకాన్ని ప్రచురణకర్త వెనక్కి తీసుకోడు. అందుకే వాపసు గడువునూ తేమనూ ఒకే పాఠంలో పెట్టాం.

అరల లెక్క

ఎంత సరుకు కావాలో మీ బీరువాలే చెబుతాయి. 300 చదరపు అడుగుల గదికి మూడడుగుల వెడల్పు బీరువాలు ఎనిమిది, ఒక్కోదానికి ఆరు అరలు అనుకున్నాం. మొత్తం 48 అరలు. తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం డెమ్మీ సైజు, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. 200 పేజీల పుస్తకం మందం సుమారు ఒక సెంటీమీటరు, బరువు పావుకిలోకి కాస్త తక్కువ. బిగించి కుక్కితే ఒక్కో అరలో 80 పైనే పడతాయి. మీరు 60 దగ్గర ఆగండి. పక్కన వేలు దూరే సందు లేకపోతే పాఠకుడు వెన్ను పైఅంచు పట్టుకుని లాగుతాడు, అక్కడ అట్ట చిరుగుతుంది. గాలి ఆడకపోతే తేమ కూడా అక్కడే నిలుస్తుంది.

30 అరల్లో వెన్ను కనిపించేలా పెడితే 1,800 ప్రతులు. మిగతా 18 అరల్లో ముఖచిత్రం కనిపించేలా, అరకు ఆరు పుస్తకాలు, ఒక్కోటి నాలుగేసి ప్రతులు పెడితే 432. మొత్తం రమారమి 2,200. సగటు ధర 200 రూపాయలనుకుంటే అట్ట ధర (పుస్తకం మీద అచ్చేసిన ధర) మీద సరుకు విలువ 4,40,000. అందులో ప్రచురణకర్త మీకు వదిలే 35 శాతం కమిషన్ పోను మీరు పెట్టాల్సింది 2,86,000. దీనికి మించి మొదటి విడతలో కొనకండి. చేతిలో ఇంకా లక్ష ఉంటే అది రెండో నెల ఆర్డర్లకు ఉండాలి.

విశాఖలో ఏ రకం ఎంత అన్నది పేట బట్టి మారుతుంది. సిరిపురం, చినవాల్తేరు వైపు ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు వస్తారు కాబట్టి సాహిత్యం, చరిత్ర, విమర్శ నడుస్తాయి. ఎంవీపీ కాలనీలో పిల్లల పుస్తకాలకు ఎనిమిదింట రెండు బీరువాలు ఇచ్చినా వృథా కాదు. తూర్పు నౌకాదళం, స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరు గనక హిందీ పుస్తకాలకు ఒక్క అరైనా ఉంచండి, అడిగేవాళ్లుంటారు. ద్వారకానగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాలు పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కొత్తగా తెరిచేవాళ్లు వాటి జోలికి వెళ్లొద్దని మా సలహా. వాటిమీద కమిషన్ తక్కువ, పక్కవాళ్లతో ధరల పోటీ ఎక్కువ, సిలబస్ మారిందంటే పాత ఎడిషన్ తూకానికే. ఏ పేటలో ఉన్నా ఉత్తరాంధ్ర రచయితలకు కళ్లెదుట ఒక అర తప్పనిసరి. ఇది శ్రీశ్రీ పుట్టిన ఊరు, రావిశాస్త్రి వకీలుగా బతికిన ఊరు. పైఊరి నుంచి వచ్చినవాళ్లు ఆ పేర్లే అడుగుతారు.

కమిషన్, షరతులు

తెలుగు ప్రచురణకర్తలు దుకాణాలకు సాధారణంగా 30 నుంచి 40 శాతం ఇస్తారు. అంకె ఒక్కటే చూసి మురిసిపోకండి. దాని పక్కనుండే షరతు అంతకన్నా ముఖ్యం. మూడు రకాలు చూస్తారు. మొదటిది నగదు కొనుగోలు: కమిషన్ ఎక్కువ, వాపసు లేదు. రెండోది వాపసు షరతు మీద అరువు: 30, 60 లేదా 90 రోజుల్లో డబ్బు కట్టాలి, అమ్ముడుపోనివి ఒప్పుకున్న గడువులోగా వెనక్కి పంపొచ్చు. మూడోది రచయితలు స్వయంగా తెచ్చి పెట్టేది: అమ్మాకే డబ్బు. కొత్త దుకాణానికి అరువు వెంటనే దొరకదు, మొదటి బిల్లు రొక్కం కట్టమంటారు. అప్పుడు మీరు అడగాల్సింది కమిషన్‌లో మరో రెండు శాతం కాదు, వాపసు హక్కు. 40 శాతానికి నగదుగా కొన్న పది ప్రతుల్లో నాలుగు మిగిలిపోతే ఏమవుతుందో లెక్క కట్టండి. 200 ధర మీద పదికి మీరు కట్టింది 1,200, ఆరు అమ్మితే వచ్చింది 1,200. నెలల తరబడి శ్రమపడ్డాక చేతిలో మిగిలింది నాలుగు పాత ప్రతులు. అదే వాపసు షరతు మీద 33 శాతానికి తెచ్చుంటే ఆరు ప్రతుల మీద 396 మిగిలేది.

రచయితలు తెచ్చేవి ఐదు ప్రతులకు మించి తీసుకోకండి. తేదీ, ప్రతుల సంఖ్య, కమిషన్, ఆర్నెల్ల గడువు, ఆ తర్వాత ఎన్ని రోజుల్లో వచ్చి తీసుకెళ్లాలి అనేవి ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఈ కాగితం లేకే స్నేహాలు చెడతాయి.

ఇక కొనేవాళ్ల వైపు. “డిస్కౌంటెంతండీ?” అని అడగని మనిషి ఉండడు. ముందే అంకె తేల్చుకుని కూర్చోండి. ఉదాహరణకు అద్దె 20,000, సహాయకుడి జీతం 14,000, కరెంటు 3,000, చిల్లర ఖర్చులు 3,000, వెరసి నెలకు 40,000. 35 శాతం కమిషన్‌లో రవాణాకు, పాడైనవాటికి రెండు శాతం పోతే మీకు మిగిలేది అట్ట ధర మీద 33 శాతం. ఖర్చులు తీరాలంటే నెలకు 1,21,000 విలువైన పుస్తకాలు అమ్మాలి, అంటే 200 సగటు ధరకు, 26 పనిరోజులకు, రోజుకు 23 పుస్తకాలు. అందరికీ పది శాతం తగ్గించారా, మిగిలేది 23 శాతం. అప్పుడు కావాల్సిన అమ్మకం 1,74,000, రోజుకు 33 పుస్తకాలు. ఆ పది పుస్తకాలు అదనంగా కొనేవాళ్లు తగ్గింపు కోసమే వస్తారన్న నమ్మకం లేకపోతే అందరికీ ఇవ్వకండి. ఒకేసారి 1,500 పైన కొన్నవాళ్లకు, గ్రంథాలయాలకు ఇవ్వండి.

పెన్నులు, కీచైన్లు పెట్టే ముందు ఒక్క మాట. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. కేవలం అవే అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకోనక్కర్లేదు. పన్ను పడే వస్తువు ఒక్కటి చేరినా, రిజిస్ట్రేషన్ పరిమితి చూసేటప్పుడు పుస్తకాల అమ్మకం కూడా మొత్తంలో కలుస్తుంది. మామూలు పద్ధతిలో రిజిస్టర్ అయ్యాక, గది అద్దెకిచ్చిన ఓనరుకు జీఎస్టీ నంబరు లేకపోతే 2024 అక్టోబరు 10 నుంచి దుకాణం అద్దె మీద 18 శాతం మీరే కట్టాలి. పుస్తకాల అమ్మకం వాటాకు అది తిరిగి రాదు. 20,000 అద్దె మీద నెలకు 3,600. పెన్నుల మీద అంత లాభం వస్తుందో లేదో చూసుకుని, ఆడిటరును అడిగి, అప్పుడు పెట్టండి.

పెట్టె విప్పడం

విజయవాడ, హైదరాబాద్ నుంచి సరుకు ఆర్టీసీ కార్గోలోనో లారీ ట్రాన్స్‌పోర్టులోనో వస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర తీసుకునేటప్పుడే పెట్టె మూలలు చూడండి. నలిగి ఉంటే, తడిసి ఉంటే సంతకం పెట్టక ముందే ఫోటో తీసి రసీదు మీద రాయించండి. విప్పడం రెండు రోజులకు మించి వాయిదా వేయొద్దు. లోపాలు చెప్పడానికి సరఫరాదారులు ఇచ్చే వ్యవధి తక్కువ. పైగా లారీలో తడి తగిలిన పెట్టె మూసి ఉంచితే మూడు నాలుగు రోజుల్లోనే బూజు మొదలవుతుంది.

బిల్లుతో ప్రతులు సరిచూశాక ఒక్కో పుస్తకాన్నీ చేతిలోకి తీసుకోండి. పుస్తకం సాధారణంగా 16 పేజీల ఫారాలుగా మడిచి కుట్టినది లేదా అతికించినది. బైండింగులో ఒక ఫారం తప్పిపోవడం, ఒకటే రెండుసార్లు పడటం, తలకిందులు కావడం అప్పుడప్పుడూ జరుగుతుంది. అన్ని పేజీలూ తిప్పనక్కర్లేదు. పుస్తకాన్ని ఎడమచేత్తో వెన్ను కింద పట్టుకుని, కుడి బొటనవేలితో పేజీలు జారవిడుస్తూ 16 తర్వాత 17, 32 తర్వాత 33, 48 తర్వాత 49 వచ్చాయా అని ఆ అతుకుల దగ్గర మాత్రమే ఆగండి. ముందుమాట పేజీలకు వేరే అంకెలుంటే అతుకు కాస్త ముందుకో వెనక్కో జరుగుతుంది, మొదటి అతుకు దొరికితే మిగతావి 16కొకటి చొప్పున అవే దొరుకుతాయి. అలవాటైతే పుస్తకానికి అర నిమిషం. ఒక ప్రతిలో తప్పు కనిపిస్తే ఆ పుస్తకం ప్రతులన్నీ చూడండి, ఎందుకంటే ఆ తప్పు కట్టలో వరసగా వస్తుంది.

తర్వాత గుర్తు వేయాలి. చివరి పేజీ పైమూలలో మెత్తని పెన్సిలుతో మూడు ముక్కలు రాయండి: సరఫరాదారు సంఖ్య, వచ్చిన నెల, షరతు. ‘7–0626–వా’ అంటే ఏడో సరఫరాదారు, 2026 జూన్, వాపసు ఉంది. నగదు కొనుగోలుకు ‘న’, రచయిత పెట్టినదానికి ‘ర’. దుకాణం రబ్బరు ముద్ర లోపల వేయొద్దు, అట్ట మీద ధర స్టిక్కరు అంటించొద్దు. ముద్ర పడ్డ పుస్తకం వాపసుకు చెల్లదు. మ్యాట్ ల్యామినేషన్ అట్ట మీద స్టిక్కరు పీకితే పొర ఊడుతుంది, జిగురు మరకకు దుమ్ము పట్టి నల్లబడుతుంది.

సోమవారం గంట

వారానికి ఒక గంట, సోమవారం ఉదయం తెరవక ముందు, అమ్మకాల పుస్తకం ముందేసుకోండి. 30 రోజుల్లో రెండు ప్రతులు అమ్ముడుపోయిన పుస్తకాన్ని మూడు తెప్పించండి. 90 రోజులుగా ఒక్కటీ కదలనిదాన్ని తీసి, ముఖచిత్రం కనిపించేలా కౌంటరు పక్క అరలో రెండు వారాలు పెట్టండి. చాలా పుస్తకాలు ఇక్కడ బతుకుతాయి, ఇన్నాళ్లూ కనపడక ఆగినవి. అప్పుడూ కదలకపోతే వాపసు పెట్టెలోకి. గడువు 180 రోజులైతే 150వ రోజుకల్లా పెట్టె కట్టి ఉండాలి, ఎందుకంటే ఫోన్లకు, జాబితా ఒప్పించడానికి, రవాణాకు మిగతా నెల సరిపోతుంది.

వాపసు పెట్టెకు 50 పుస్తకాలు, 12 కిలోలు మించొద్దు. అడుగున ప్లాస్టిక్ షీటు పరిచి, పుస్తకాలు పడుకోబెట్టి, ఒక వరస వెన్ను ఇటు, మరో వరస అటు. నిలబెట్టి సర్దితే కుదుపులకు మూలలు నలుగుతాయి. ఖాళీల్లో కాగితం ఉండలు కుక్కండి. జాబితా ఒకటి లోపల, ఒకటి మీ దగ్గర. సొమ్ము రొక్కంగా కాకుండా క్రెడిట్ నోటుగా, అంటే తర్వాతి బిల్లులో తగ్గించుకునే కాగితంగా వస్తుంది. అది చేతికందే దాకా వెంటపడండి.

తేమ

గాలిలో తేమ శాతం చూపే హైగ్రోమీటరు ఒకటి కొని కిటికీకి దూరంగా, నడుం ఎత్తులో ఉన్న అరలో పెట్టండి. 60 శాతం లోపుంటే నిశ్చింత. 65–70 దాటి కొన్ని రోజులు నిలిస్తే బూజు పడుతుంది. విశాఖలో వానాకాలమంతా బయటి గాలి దానికి పైనే ఉంటుంది. కింది అర నేలకు ఆరంగుళాల ఎత్తున, బీరువా వెనక గోడకు రెండంగుళాల సందు. ఇనుప యాంగిల్ రాక్‌లు బీచ్ రోడ్డు వైపు దుకాణాల్లో త్వరగా తుప్పు పడతాయి, ఆ తుప్పు అట్టల అంచులకంటుతుంది. 18 ఎంఎం ప్లైవుడ్డు మేలు. పిల్లల పుస్తకాల పిన్నులు అన్నిటికన్నా ముందు తుప్పుపడతాయి, వాటిని గోడవైపు పెట్టకండి.

ఏసీ ఉంటే 26 దగ్గర ఉంచండి. 20కి దించి, రాత్రి ఆపేసి, పొద్దున షట్టరు ఎత్తితే చల్లటి అట్టల మీద వేడి తేమగాలి నీరు కట్టొచ్చు. పుస్తకాలు ప్లాస్టిక్ చుట్టి బిగిస్తే లోపలి తేమ లోపలే ఉంటుంది. కలరా ఉండలు వేయొద్దు. ఆ వాసన కాగితానికి పడితే పోదు, అలా కంపు కొట్టే పుస్తకాన్ని ఎవరూ ఇష్టంగా తెరవరు. వారానికో బీరువా చొప్పున పుస్తకాలు దించి, పొడిబట్టతో పైఅంచులు తుడిచి పెట్టండి. రెండు నెలల్లో గదంతా పూర్తవుతుంది.

తుపానుల కాలం అక్టోబరు–డిసెంబరు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న ఈ ఊరిని తాకినప్పుడు అద్దాలు, షట్టర్లు లేచిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అందుకని వాపసులన్నీ సెప్టెంబరు నెలాఖరుకు పంపేయండి. హెచ్చరిక రాగానే కింది రెండు అరలు ఖాళీ చేసి పైన టార్పాలిన్ కప్పండి, లెక్కల నకలు ఇంట్లో ఉంచండి. 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న వ్యాపారాలకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ బీమా పాలసీ ఉంది, తుపాను, వరద అందులో వస్తాయి. అరువు మీద, రచయితల దగ్గర తెచ్చిన సరుకు కూడా ఉందని దరఖాస్తులో స్పష్టంగా రాయించండి.

అభ్యాసం

మీ అసలు అద్దె, జీతం, కరెంటు అంకెలతో రోజుకు ఎన్ని పుస్తకాలు అమ్మాలో తగ్గింపు లేకుండా ఒకసారి, పది శాతం తగ్గింపుతో ఒకసారి లెక్క కట్టండి. ఇంట్లో ఉన్న పది పుస్తకాల్లో ఫారాల అతుకులు వెతకండి. ముగ్గురు ప్రచురణకర్తలకు ఫోన్ చేసి కమిషన్, అరువు రోజులు, వాపసు గడువు, వాపసు రవాణా ఖర్చు ఎవరిది అనే నాలుగు ప్రశ్నలు అడిగి పక్కపక్కన రాసుకోండి. ఐదో పాఠంలో సంక్రాంతి, వేసవి సెలవుల అమ్మకాలకు ఆర్డర్లు పెట్టడానికి ఆ కాగితం కావాలి.