వేసవిలో రగూసా ఇబ్లా వెళ్తున్నారా? మధ్యాహ్నం పూట జాగ్రత్త

బెజవాడ ఎండల్లో పెరిగినవాళ్లం, ఇటలీలోని సిసిలీ ద్వీపంలో ఎండ మనల్నేం చేస్తుందిలే అనుకుని, అక్కడి రగూసా ఊళ్లో కొండమీది పాత భాగమైన ఇబ్లాకి జులైలో బయల్దేరాను. తప్పు లెక్క. 2021 ఆగస్టు 11న ఈ ద్వీపంలోనే, సిరక్యూజ్ దగ్గర, 48.8 డిగ్రీలు నమోదైంది. యూరప్‌లో అదే రికార్డు. పైగా బెజవాడలో మిట్టమధ్యాహ్నం ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కం కదా! ఇబ్లాలో చేసేది సరిగ్గా ఆ మెట్లెక్కే పనే.

1693 జనవరి భూకంపంలో కూలిపోయిన ఊరిని లేత పసుపు సున్నపురాయితో మళ్లీ కట్టారు. ఆ రాయి వేడినీ వెలుగునీ మొహం మీదికే కొడుతుంది. టోపీ, నల్ల కళ్లద్దాలు లేకుండా కదలొద్దు. జనం నడిచి నడిచి మెట్లు, బాటలు నున్నగా అరిగిపోయాయి; వాన అక్కర్లేదు, పొడిగా ఉన్నా జారతాయి. నేను జారింది ఎక్కేటప్పుడు కాదు, కాఫీ తాగి హాయిగా దిగేటప్పుడు. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లే వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ఇబ్లా కంటే ఎత్తున ఉన్న కొత్త ఊరు, పై రగూసా నుంచి మెట్లదారిలో దింపకండి, బస్సెక్కించండి. ఆదివారం బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైము ముందే చూసుకోండి.

అసలు చిక్కు చర్చిలతో. చల్లగా కాసేపు కూర్చుందాం అనుకునే వేళకే, అంటే దాదాపు పన్నెండున్నరకి, చాలావాటికి తలుపులు వేసేస్తారు. మళ్లీ తెరిచేది మూడున్నర, నాలుగుకి. అందుకే పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నం గదిలో పడుకుని, సాయంత్రం మళ్లీ రండి. ఆర్కిటెక్ట్ గల్యార్ది డిజైన్ చేసిన సాన్ జార్జో చర్చి ముందు మెట్లకి ఇనుప గేటు ఉంటుంది. అది మూసుంటే ఎండలో నిలబడిపోకండి, పక్కనున్న దారి చూడండి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. సంచిలో ఒక నూలు చున్నీ ఉంటే చాలు. ప్రార్థన జరుగుతుంటే ఫోటోలు వద్దు.

కారు అద్దెకి తీసుకుంటే మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. 'జోనా ట్రాఫికో లిమితాతో' (బయటి బళ్లకి ఆంక్షలున్న ప్రాంతం) బోర్డు కనిపిస్తే లోపలికి పోవద్దు. అక్కడ పోలీసు ఉండడు, కెమెరా ఉంటుంది. ఫైను నెలల తర్వాత ఇంటికొస్తుంది. బయటే పార్క్ చేసి నడవండి.

వీధి కుళాయి మీద 'నాన్ పొతాబిలే' (తాగడానికి పనికిరావు) అని ఉంటే ఆ నీళ్లు తాగకండి. ఎవరికైనా కళ్లు తిరిగినా, చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోతున్నా నీడకి చేర్చి, ఒళ్లు తడిపి, 112కి ఫోన్ చేయండి.