పిల్లల మానసిక చికిత్స వార్డులో డ్యూటీకి దిగే ముందు: కోపం దాడిగా మారకుండా సిబ్బంది జాగ్రత్తలు

మానసిక అనారోగ్యం ఉన్న పిల్లల్ని చూసుకోవడానికి కొత్తవాళ్లను తీసుకుంటే చాలాచోట్ల మొదటి రోజే నేర్పేది, పిల్లాడు తిరగబడితే ఎలా పట్టుకోవాలన్నది. చేతులు ఎక్కడ వేయాలి, ఎంతమంది పట్టాలి, గదిలోకి ఎలా తీసుకెళ్లాలి. శిక్షణ అక్కడ మొదలైతే, కంగారులో సిబ్బందికి గుర్తొచ్చేదీ అదే. ఈ వరుస మార్చాలి. గొడవకు ముందు అరగంటలో ఏం గమనించాలి, ఏం అనాలి, ఏం అనకూడదు అన్నదానికే శిక్షణలో ఎక్కువ సమయం ఇవ్వాలి. పట్టుకోవడం చివర్లో నేర్పాల్సిన పాఠం.

అమెరికాలోని కేంబ్రిడ్జ్ హాస్పిటల్ పిల్లల యూనిట్ అనుభవాన్ని 2006లో ప్రచురించారు. పిల్లాడితో కూర్చుని సమస్యను కలిసి పరిష్కరించే పద్ధతిని అక్కడ సిబ్బంది అందరికీ నేర్పారు. అంతకుముందు తొమ్మిది నెలల్లో 281 సార్లు పిల్లల్ని బలవంతంగా పట్టి ఉంచాల్సి వచ్చింది. శిక్షణ తర్వాత పదిహేను నెలల్లో ఆ అవసరం ఒక్కసారే పడింది. ప్రతి వార్డులోనూ ఇదే ఫలితం వస్తుందని కాదు. కానీ పట్టి ఉంచడం తప్పదు అనుకునేవాళ్లు ఈ అంకెల్ని ఒకసారి చూడాలి.

పిల్లాడి గురించి ముందే తెలియాల్సినవి

ప్రతి పిల్లాడికీ ఒక పేజీ ఉండాలి. దేనికి కోపం వస్తుంది, వచ్చేముందు ఎలా ఉంటాడు, ఏం చేస్తే తగ్గుతుంది. ఇవి పిల్లాడినే అడగాలి, అమ్మానాన్నల్నీ అడగాలి. ప్రశాంతంగా ఉన్నప్పుడు అడిగితే ఏడేళ్ల పిల్లలు కూడా స్పష్టంగా చెబుతారు. "వెనక నుంచి ముట్టుకోవద్దు", "అందరి ముందూ తిట్టొద్దు" అంటే ఆ మాటల్నే రాయండి. డ్యూటీ మారేటప్పుడు ఆ పేజీ చేతులు మారాలి.

బయటికి ఒకేలా కనిపించే కోపం వెనక కారణాలు వేరువేరుగా ఉంటాయి. ఎవరికీ వినిపించని గొంతులు వినిపించి భయపడే పిల్లాడు తనను తాను కాపాడుకుంటున్నాననుకుని కొడతాడు. ఆటిజం ఉన్న పాప హోరు భరించలేక గిల్లుతుంది. దెబ్బలు తిని పెరిగిన పిల్లాడికి తలుపుకి అడ్డంగా నిలబడిన మనిషి కనిపిస్తే చాలు. మాటలు రాని పిల్లల్లో పంటి నొప్పి, చెవి పోటు, మలబద్ధకం కూడా కొట్టడంగానే బయటపడొచ్చు. అందుకే ఉన్నట్టుండి ప్రవర్తన మారితే ముందు ఒంట్లో ఎలా ఉందో చూడాలి.

మందుల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. సైకోసిస్‌కు, అంటే లేని గొంతులు వినిపించడం, లేనివి ఉన్నాయని నమ్మడం లాంటి జబ్బుకు, ఇచ్చే కొన్ని మందుల వల్ల ఒంట్లో విపరీతమైన అలజడి వస్తుంది, దాన్ని అకథీసియా అంటారు. పిల్లాడు కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటాడు, కూర్చోమంటే కూర్చోలేడు, గట్టిగా చెబితే తిరగబడతాడు. దాన్ని మొండితనం అనుకుని మందు పెంచితే పరిస్థితి ఇంకా చెడుతుంది. అలాగే మత్తు కలిగించే కొన్ని మందులు కొందరు పిల్లల్లో రివర్స్‌గా పనిచేసి రెచ్చగొడతాయి. డోసు మార్చిన తర్వాత ఇలాంటిది కనబడితే ఏ మందు, ఎప్పుడు, ఏం కనబడింది అన్నది వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. మందు మార్చేది డాక్టరే, కానీ ముందు గమనించేది మాత్రం పక్కనుండే సిబ్బందే.

గొడవ పుట్టే వేళలు, మన మాట

డ్యూటీ మారే సమయం, భోజనానికి ముందు, ఇంటివాళ్లు చూసి వెళ్లిపోయాక, టీవీ ఆపేటప్పుడు, పడుకోమన్నప్పుడు. గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. ఆ వేళల్లో హాల్లో మనిషి తగ్గకూడదు, అందరూ నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని ఫైళ్లు రాయకూడదు.

పదేళ్ల పిల్లాడు టీవీ ముందు ఉన్నాడనుకోండి. టైమ్ అయింది. మడమతో కుర్చీ కాలిని తడుతున్నాడు, దవడ బిగిసింది, పిలిస్తే పలకడం లేదు. ఇప్పుడు వెనక నుంచి వచ్చి "ఎన్నిసార్లు చెప్పాలి, ఆపు" అని రిమోట్ లాక్కుంటే ఏమవుతుందో వార్డులో పనిచేసిన ఎవరికైనా తెలుసు. పక్కగా వచ్చి, అతని ఎత్తుకి కూర్చుని, "ఇంకా చూడాలనుంది కదా. ఈ సీన్ అయ్యాక ఆపుదామా, నువ్వే ఆపుతావా?" అని, ఆ తర్వాత నోరు మూసుకుని ఆగాలి. ఆ ఆగడమే కష్టం. కోపంలో ఉన్న పిల్లాడికి మాట బుర్రకెక్కడానికి టైమ్ పడుతుంది. అది ఇవ్వకుండా రెండో మాట, మూడో మాట వేస్తే అవి చెవిలో హోరే.

మాట్లాడేది ఒక్కరే. మిగతావాళ్లు పక్క పిల్లల్ని మెల్లగా బయటికి తీసుకెళ్లాలి. చిన్న వాక్యాలు, తగ్గిన గొంతు, చేతులు కనబడేలా. ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, చెయ్యి చాపితే అందనంత దూరంలో నిలబడాలి. తలుపు దారి ఇద్దరికీ తెరిచి ఉండాలి. "ఎందుకిలా చేస్తున్నావ్" అని అడగొద్దు, ఆ క్షణంలో అతని దగ్గర జవాబుండదు. "మీ అమ్మని రానివ్వం" లాంటి బెదిరింపు ఎప్పుడూ, ఎవరూ వాడకూడదు. నాకు ఈ విషయంలో సడలింపు అంటూ లేదు.

ఇవన్నీ వినడం వేరు, నోటితో అనడం వేరు. అందుకే శిక్షణలో ఒకరు పిల్లాడిగా, ఒకరు సిబ్బందిగా నటించి ప్రాక్టీస్ చేయాలి. నైట్ డ్యూటీవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు కూడా కూర్చోవాలి. చాలాసార్లు పిల్లాడు మనసు విప్పేది ఊడ్చే ఆవిడ దగ్గరే.

ఒంటి మీద జాగ్రత్తలు మామూలువే. వేలాడే చెవిపోగులు, మెడలో దండలు, జేబులో పెన్నులు వద్దు. జుట్టు ముడి వేసుకోవాలి, గోళ్లు కత్తిరించుకోవాలి. హెపటైటిస్ బి టీకా పూర్తయిందో లేదో చూసుకోవాలి. కొరికితే చెయ్యి లాక్కోకూడదు, లాగితే గాయం పెద్దదవుతుంది. జుట్టు పట్టుకుంటే అతని చేతిని మన తలకే అదిమి పట్టి ఉంచాలి. ఈ రెండూ చదివి వచ్చేవి కావు, శిక్షకుడి ముందు చేసి చూడాలి.

పట్టుకోక తప్పనప్పుడు

ఎవరికైనా ఆ క్షణంలో తీవ్రమైన దెబ్బ తగిలే ప్రమాదం ఉండి, ఇంకే దారీ పనిచేయనప్పుడే పట్టుకోవాలి. మాట విననందుకు కాదు, బొమ్మ పగలగొట్టినందుకు కాదు. 1998లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ కూరంట్ పత్రిక, పట్టి ఉంచేటప్పుడో గదిలో బంధించినప్పుడో అంతకుముందు పదేళ్లలో జరిగిన 142 మరణాల్ని బయటపెట్టింది. వాళ్లలో పిల్లలూ ఉన్నారు.

బోర్లా పడుకోబెట్టొద్దు. వీపు మీద, ఛాతీ మీద, మెడ మీద బరువు వేయొద్దు, నోటికి ఏదీ అడ్డం పెట్టొద్దు. పట్టుకున్నవాళ్లు కాకుండా ఇంకొకరు తల దగ్గర ఉండి ఊపిరి, పెదాల రంగు, స్పృహ మాత్రమే చూడాలి. ఆ మనిషి "వదలండి" అంటే పట్టుకున్నది సీనియర్ అయినా సరే వదిలేయాలి. పిల్లాడు "ఊపిరాడట్లేదు" అంటే నమ్మండి. మాట వస్తోంది కదా, ఊపిరి ఆడుతున్నట్టే అనుకోవడం ప్రాణాలు తీసిన పొరపాటు. ఆస్తమా, గుండె జబ్బు, అధిక బరువు ఉన్న పిల్లల పేజీలో ఆ సంగతి అన్నిటికంటే పైనే రాసి ఉండాలి. పెనుగులాట ఒక్కసారిగా ఆగిపోతే శాంతించాడనుకోకుండా ముందు ఊపిరి చూడాలి. ఎవరి అనుమతి కావాలి, ఎంతసేపటికి మించకూడదు అన్నది మీ చట్టం, మీ సంస్థ రూల్స్ ప్రకారం డ్యూటీలో అందరికీ నోటికి వచ్చి ఉండాలి.

తర్వాత

కోపం దిగాక కూడా గంట, గంటన్నర వరకు ఒళ్లు మామూలు స్థితికి రాకపోవచ్చు. ఆ సమయంలో క్లాసు పీకితే రెండో విడత మొదలవుతుంది. నీళ్లివ్వండి, దెబ్బలు చూడండి, ఊరికే దగ్గర్లో ఉండండి. రికార్డులో "కావాలనే చేశాడు" అని రాయొద్దు. ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, మనం ఏం చేశాం, తర్వాత ఏమైంది, ఇవి కంటితో చూసినట్టు రాయండి. నాలుగైదు రికార్డులు పక్కపక్కన పెడితే కారణం దానంతట అదే కనబడుతుంది.

దెబ్బ తిన్న సిబ్బందిని ఆ షిఫ్టులోనే కూర్చోబెట్టి మాట్లాడాలి. కరిచి చర్మం తెగితే సబ్బుతో, పారే నీళ్లతో కడిగి అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. భయంగా ఉంది అంటే ఆ మాటని చులకన చేయకుండా వినాలి, మర్నాడు వేరే పని ఇవ్వాలి. ఆ పిల్లాడి దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు మొదటిసారి ఇంకొకరు తోడుండాలి, ఏదైనా చిన్న ఆటతో మొదలుపెట్టాలి.