మన క్లబ్ మీద ఛార్జ్ పడిందా? వాదనకు దిగేముందు లెక్కలు ఇలా చూడండి

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై పోటీ ప్రీమియర్ లీగ్, డబ్బు రూల్స్ మీరిందంటూ ఏదో ఒక క్లబ్ మీద ఛార్జ్ వేసిందన్న వార్త రాగానే బెజవాడ వాట్సాప్ గ్రూపుల్లో రెండే మాటలు తిరుగుతాయి. "దొంగలు" అని ఒకడు, "మా మీద కుళ్లు" అని ఇంకొకడు, ఇక రాత్రి ఒంటిగంటన్నర మ్యాచ్ మొదలయ్యేదాకా స్టిక్కర్లే. ఇంగ్లండ్ క్లబ్బుల లెక్కలు చూడ్డానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఫోనూ కాస్త ఓపికా ఉంటే చాలు. అర్థం కాని చోట అడగడానికి గుంటూరు బ్రాడీపేటలో సీఏ చదివేవాడు మీ గ్రూపులో ఒక్కడైనా ఉండకపోడు, వాడికో టీ ఇప్పించండి.

ముందు "కంపెనీస్ హౌస్" అని వెతకండి. బ్రిటన్ ప్రభుత్వం నడిపే కంపెనీల రిజిస్టర్ అది, డాక్యుమెంట్లు ఉచితం. క్లబ్ పేరు కొట్టి, ఫైలింగ్ హిస్టరీలోకి వెళ్లి, అకౌంట్స్ పీడీఎఫ్ దించుకోండి. ఇక్కడే చాలామంది తప్పు కంపెనీ తెరుస్తారు. క్లబ్ పేరున్న కంపెనీ పైన సాధారణంగా ఇంకో కంపెనీ ఉంటుంది, దాని పైన మరొకటి. ఓనర్ ఇచ్చిన అప్పు, అమ్మిన ఆస్తులు అన్నీ కలిపి కనిపించేది పై కంపెనీ గ్రూప్ అకౌంట్స్‌లోనే.

మొదటిసారి చూసేవాళ్లు మాంచెస్టర్ సిటీ జోలికి పోకండి, బ్లాక్‌బర్న్ రోవర్స్‌తో మొదలెట్టండి. 2010 నవంబర్‌లో ఆ క్లబ్‌ను కొన్నది వెంకీస్ వాళ్లు, అంటే 1971లో హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టిన బి.వి. రావు గారి కుటుంబం. రోజూ విజయవాడ గుడ్డు రేటు చెప్పే నెక్‌ను నిలబెట్టింది కూడా ఆయనే కాబట్టి మనకు వీళ్లు మరీ పరాయివాళ్లేం కాదు. 2012లో ఆ క్లబ్ ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడిపోయిన రోజు అభిమానులు మైదానంలోకి ఏకంగా కోడినే వదిలారు! రిజిస్టర్‌లో పైకి వెళ్తే వెంకీస్ లండన్ లిమిటెడ్ అనే కంపెనీ తగులుతుంది. ఇండియాలో ఈడీ విచారణ వల్ల ఇక్కడి నుంచి డబ్బు పంపడానికి వాళ్లు ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకోవాల్సి వచ్చింది, పంపే మొత్తానికి సమానంగా బ్యాంకు గ్యారంటీ కూడా పెట్టాల్సి వచ్చింది. ఓనర్ కోటీశ్వరుడైనంత మాత్రాన క్లబ్ చేతికి డబ్బు వస్తుందని లేదు. అందుకే ముందు ఓనర్ ఎవరు, డబ్బు ఏ దేశం నుంచి, ఏ దారిన వస్తోంది అన్నది రాసుకోండి.

అకౌంట్స్ తెరిచాక నాలుగు అంకెలు చాలు: ఆదాయం, జీతాలు, అమార్టైజేషన్ (ఆటగాణ్ని కొన్న ధరను కాంట్రాక్ట్ ఏళ్లకు పంచి రాయడం), ఆటగాళ్ల అమ్మకం మీద లాభం. మొదటి రెండూ చూడగానే తెలుస్తాయి. మూడోది లెక్క కడితేనే ఎక్కుతుంది. ఒక ఆటగాణ్ని 5 కోట్ల పౌండ్లకు కొని ఐదేళ్ల కాంట్రాక్ట్ ఇస్తే, పుస్తకాల్లో ఏడాదికి కోటి చొప్పునే ఖర్చు పడుతుంది. రెండేళ్ల తర్వాత వాడి పుస్తకం విలువ 3 కోట్లు. అప్పుడు 4 కోట్లకు అమ్మితే, కొన్నదానికంటే కోటి తక్కువకు అమ్మినా, లెక్కల్లో కోటి లాభం! చెల్సీ ఎనిమిదేళ్లు, ఎనిమిదిన్నరేళ్లు కాంట్రాక్టులు ఇచ్చింది ఇలా ఏటా పడే ఖర్చు తగ్గించడానికే. 2023లో ముందు యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఎఫా, తర్వాత ప్రీమియర్ లీగ్ లెక్కకు ఐదేళ్లే గరిష్ఠమని కట్టడి చేశాయి. సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడికి పుస్తకం విలువ దాదాపు సున్నా, అమ్మితే వచ్చిందంతా లాభమే. జూన్ 30కి లెక్కలు మూసే క్లబ్బులు జూన్ చివరి వారంలో కుర్రాళ్లను ఎందుకు మార్చుకుంటాయో ఇప్పుడు అర్థమవుతుంది (2024లో ఆస్టన్ విల్లా, చెల్సీ, ఎవర్టన్ చేసింది ఇదే).

తర్వాత హద్దు. 2025-26 సీజన్ దాకా ఉన్న పీఎస్ఆర్ (ప్రీమియర్ లీగ్ లాభనష్టాల రూల్స్) ప్రకారం క్లబ్ మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్ల దాకా నష్టపోవచ్చు, అందులో 9 కోట్లు ఓనర్ తన పెట్టుబడితో పూడ్చాలి. కింది డివిజన్ ఛాంపియన్‌షిప్‌లో గడిపిన ఏడాదికి లెక్కలోకి వచ్చేది 1.3 కోట్లే. అందుకే మూడేళ్లలో రెండేళ్లు అక్కడ గడిపిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ హద్దు 6.1 కోట్లయింది, వాళ్లు దాన్ని 3.45 కోట్లు దాటి 2024 మార్చిలో 4 పాయింట్లు పోగొట్టుకున్నారు. అయితే అకౌంట్స్‌లో కనిపించే నష్టాన్ని నేరుగా ఈ హద్దుతో పోల్చకూడదు. అకాడమీ, మహిళల జట్టు, స్టేడియం కట్టడం మీద పెట్టిన ఖర్చు తీసేశాక మిగిలిందే లెక్క. గ్రూపుల్లో సగం గొడవ ఈ ఒక్క తీసివేత చేయకపోవడం వల్లే.

ఇక స్పాన్సర్ల సంగతి, అసలు రసమంతా ఇక్కడే. ఒప్పందం మొత్తం చూసి నోరు తెరవకండి, కట్టేవాడికీ ఓనర్‌కీ చుట్టరికం ఉందా చూడండి. గుంటూరు మిర్చి యార్డులో ఒకాయన తన బావమరిది కాయను మాత్రమే క్వింటాకు రెట్టింపు ఇచ్చి కొన్నాడనుకోండి, పక్క కొట్టువాడు ఏమంటాడు? సరుకు రేటు కాదు, ఇంట్లో డబ్బు చేతులు మారుస్తున్నారు అంటాడు. ఫుట్‌బాల్‌లో దీనికి పెట్టిన పరీక్షే ఫెయిర్ మార్కెట్ వాల్యూ, అంటే బయటివాడైతే ఎంత ఇచ్చేవాడన్న లెక్క. సౌదీ ప్రభుత్వ నిధి పీఐఎఫ్ 2021 అక్టోబర్‌లో న్యూకాజిల్‌ను కొన్నాక, రెండు నెలలకే ప్రీమియర్ లీగ్ ఈ రూల్స్ బిగించింది. 2024లో మాంచెస్టర్ సిటీ వాటిని సవాలు చేసి కొంత గెలిచింది, 2025 సెప్టెంబర్‌లో ఇద్దరూ రాజీ పడ్డారు. ఆ కేసులో నాకు నచ్చిన పాయింట్ ఒకటుంది: ఓనర్ వడ్డీ లేకుండా ఇచ్చే అప్పును ఈ పరీక్ష నుంచి వదిలేయడం చట్టవిరుద్ధమని ట్రిబ్యునల్ తేల్చింది. నన్నడిగితే న్యాయమే, వడ్డీ లేని అప్పు కూడా చుట్టం ఇచ్చే రాయితీయే కదా. కాబట్టి అకౌంట్స్ చివర్లో రిలేటెడ్ పార్టీ నోట్ (ఓనర్‌తో సంబంధమున్నవాళ్లతో చేసిన లావాదేవీల వివరాలు), ఓనర్ అప్పుల నోట్ తప్పకుండా చదవండి. రిలేటెడ్ పార్టీగా చూపనంత మాత్రాన చుట్టరికం లేనట్టు కాదు, స్పాన్సర్ వెనక ఏ ప్రభుత్వ నిధి ఉందో విడిగా వెతకాలి.

ఏ సంస్థ రూల్ అన్నది కూడా చూడాలి. చెల్సీ తన రెండు హోటళ్లను సొంత గ్రూపు కంపెనీకే 7.65 కోట్ల పౌండ్లకు అమ్మింది, ప్రీమియర్ లీగ్ ఒప్పుకుంది. యూఎఫా లెక్కలో అలాంటి అమ్మకం ఆదాయమే కాదు, 2025 జూలైలో చెల్సీకి 3.1 కోట్ల యూరోల జరిమానా ఖాయమైంది. సిటీ కేసూ అంతే. 2020లో స్పోర్ట్స్ కోర్టు కాస్ యూఎఫా యూరప్ పోటీల నుంచి వేసిన రెండేళ్ల నిషేధం కొట్టేసింది, జరిమానాను 3 కోట్ల యూరోల నుంచి కోటికి దించింది, కొన్ని ఆరోపణలు ఐదేళ్ల గడువు దాటాయంది. దాన్ని చూపించి 2023 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ వేసిన 115 ఛార్జీలు కూడా తేలిపోయాయనే అన్నయ్యలు ఉన్నారు. అది వేరే సంస్థ, వేరే రూల్ బుక్, ఆ ఐదేళ్ల గడువు యూఎఫా నిబంధన.

శిక్ష పడ్డప్పుడు హెడ్‌లైన్‌తో ఆగకండి, కమిషన్ రాసిన కారణాలు పీడీఎఫ్‌గా లీగ్ సైట్‌లో పెడతారు. ఎవర్టన్ నష్టం 12.45 కోట్లని తేల్చి 2023 నవంబర్‌లో 10 పాయింట్లు కోశారు, అప్పీల్‌లో అది 6 అయింది. ఎందుకు తగ్గిందో ఆ కాగితంలోనే ఉంది. ముందు శిక్ష నిర్ణయించిన భాగం చదివి తర్వాత వెనక్కి రండి, తేలిక.

మన ఇండియన్ సూపర్ లీగ్‌కు (ఐఎస్ఎల్) ఈ పద్ధతి పెద్దగా పనికిరాదు. ఇక్కడ బాధ లాభనష్టాల హద్దు కాదు, జీతాలు అందకపోవడం. 2021-22లో కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాల గొడవల్లో పడి, చివరికి 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. ఇక్కడి క్లబ్ ఆరోగ్యం తెలియాలంటే ఫిఫా రిజిస్ట్రేషన్ బ్యాన్ల (కొత్త ఆటగాళ్లను నమోదు చేయకుండా వేసే నిషేధాల) జాబితాలో పేరుందేమో చూడండి, అది అందరికీ కనిపించేదే.

ఒక్క జాగ్రత్త. 2025 నవంబర్‌లో ప్రీమియర్ లీగ్ క్లబ్బులు ఓటు వేసి 2026-27 నుంచి పీఎస్ఆర్ బదులు, జట్టు ఖర్చు ఆదాయంలో 85 శాతం మించకూడదనే రూల్ తెచ్చాయి. యూరప్ పోటీల్లో ఆడేవాళ్లకు యూఎఫా హద్దు 70 శాతం. కాబట్టి పైన చెప్పిన 10.5 కోట్ల లెక్క పాత సీజన్లకే వాడండి. కొత్త అకౌంట్స్ కోసం జూలైలో వెతక్కండి, జూన్‌లో ఏడాది ముగించే ప్రైవేట్ కంపెనీకి మార్చి 31 దాకా గడువుంటుంది, చాలా క్లబ్బులు ఆ చివరి వారంలోనే పెడతాయి.