ప్రయాణాలకు జేబు జూమ్ కెమెరా – 3వ పాఠం: డబ్బా మీద ఎక్స్, సాయంత్రం వెలుతురు

పోయిన పాఠంలో సెన్సర్, అంటే వెలుతురును ఫొటోగా మార్చే చిప్, చూశాం. తక్కువ ధరలో దొరికే జేబు సూపర్‌జూమ్‌లలో చాలావాటికి ఉండేది 1/2.3 అంగుళాల సెన్సరే. దాని వెడల్పు 6.2 మి.మీ., ఎత్తు 4.6 మి.మీ. దగ్గర్లో ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఇవాళ్టి పాఠానికి చాలు.

బరంపురంలో కెమెరా అడిగితే ముందు చెప్పేది ఎక్స్ లెక్కే. "ఇది ముప్ఫై, అది నలభై సార్. తేడా కొంచెమే, అదే తీసుకోండి." నలభై అంటే ఏమిటి? లెన్స్ ఎంత దూరాన్ని దగ్గరికి లాగుతుందో మి.మీ. అంకెల్లో (ఫోకల్ లెంగ్త్) చెబుతారు. అందులో దూరపు కొసను దగ్గరి కొసతో భాగిస్తే వచ్చే అంకె, అంతే. కానన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్740 హెచ్ఎస్ 35 మి.మీ. ఫిల్మ్ లెక్కలో (కెమెరాలను పోల్చడానికి వాడే కొలత) 24 నుంచి 960 దాకా వెళ్తుంది కాబట్టి 40ఎక్స్. పానసోనిక్ టీజెడ్80 24 నుంచి 720 దాకా, అంటే 30ఎక్స్. మొదలు 24 అయితే పర్లాకిమిడి గజపతుల ప్యాలెస్ ముందు మరీ వెనక్కి నడవకుండానే కట్టడం ఫ్రేములో పడుతుంది. 28తో మొదలయ్యే కెమెరా అయితే కొంత కోసుకుపోతుంది. ఆ తేడాను ఎక్స్ అంకె చెప్పదు.

అది చెప్పని ఇంకో సంగతి వెలుతురు. లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని (ఎపర్చర్) ఎఫ్ అంకెతో చెబుతారు, అంకె పెరిగితే వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఎస్ఎక్స్740లో దగ్గరి కొసన ఎఫ్/3.3, దూరపు కొసన ఎఫ్/6.9. జూమ్ పూర్తిగా చాపితే సెన్సర్ మీద పడే వెలుతురు పావు వంతుకు తగ్గిపోతుందన్నమాట.

చిల్కా ఉత్తర ఒడ్డున మంగళజోడి ఉంది కదా, శీతాకాలంలో వలస పక్షుల కోసం వెళ్తాం. గడకర్రతో నెట్టే నాటుపడవలో కూర్చుని 960 దగ్గర ఫొటో తీయాలంటే పాత లెక్క (సెకనును ఆ మి.మీ. అంకెతో భాగించడం) ప్రకారం షట్టర్ తెరిచి ఉండే సమయం 1/1000 సెకను దగ్గర ఉండాలి. స్టెబిలైజర్ మన చేతి వణుకును ఆపుతుంది, పక్షి రెక్కను ఆపదు. మంచి ఎండ ఉంటే ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు ఫొటోను ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే అంకె) 200తో పని జరుగుతుంది. మబ్బు పడితే అదే షట్టర్‌కు 1600 కావాలి. తెల్లవారుజామున అయితే 6400 కూడా దాటొచ్చు. ఇంత చిన్న సెన్సర్ మీద 1600 అంటేనే ఈకలు మైనం పూసినట్టు తయారవుతాయి. పక్షులు బాగా కనబడేదేమో ఆ వేళలోనే!

అందుకే నా ఓటు 30ఎక్స్‌కి. 720లో తీసిన 18 మెగాపిక్సెళ్ల ఫొటోను 960 అంతకు కత్తిరించినా సుమారు 10 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. పైగా టీజెడ్80కి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంది, ఎస్ఎక్స్740కి లేదు. నీటి మీద ఎండ కొడుతుంటే వెనక స్క్రీన్‌లో ఏమీ కనబడదు. కెమెరాను కంటికి ఆనిస్తే చేతికి ఆసరా కూడా దొరుకుతుంది.

ఇక షాపులో పరీక్ష. వీలైతే సాయంత్రం, ట్యూబ్‌లైట్లు వేసే ముందు వెళ్ళండి. ముందుగా మెనూలో డిజిటల్ జూమ్ ఆపేయాలి. జూమ్‌ప్లస్, ఐ.జూమ్, క్లియర్ ఇమేజ్ జూమ్ లాంటి పేర్లతో ఉన్నదంతా కంప్యూటర్ సాగదీతే, లెన్స్ పని కాదు. తర్వాత వీధికి అవతల ఉన్న ఒడియా బోర్డు మీద ఫోకస్ చేయండి. మన దగ్గర ఇంతకన్నా మంచి టెస్ట్ చార్ట్ లేదు. చాలా ఒడియా అక్షరాలకు పైన గుండ్రటి కప్పు ఒకేలా ఉంటుంది, తేడా అంతా కింద ఉండే చిన్న మెలికలో. పూర్తి జూమ్‌లో ఆ మెలికలు కలిసిపోయి అన్నీ ఒకే అక్షరంలా కనబడితే ఆ కెమెరా వద్దు. ఫ్రేము మధ్యలో ఒకసారి, మూలన ఒకసారి తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూడాలి. ఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఆలస్యం చేస్తోందా అన్నది కూడా అక్కడే తెలిసిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ అయితే ఇంకో పరీక్ష తప్పదు. ఈ కెమెరాల్లో లెన్స్ బయటికి వస్తూ లోపలికి పోతూ గాలిని పీలుస్తుంది. గోపాల్‌పూర్ బీచ్‌లో నాలుగు రోజులు తిరిగిన కెమెరా లోపల ఏముంటుందో ఊహించుకోండి. పూర్తి జూమ్ పెట్టి, ఎపర్చర్‌ను ఎఫ్/8కి మూసి, తెల్ల గోడను గానీ ఖాళీ ఆకాశాన్ని గానీ తీయండి. ప్రతి ఫొటోలో ఒకే చోట బూడిదరంగు మచ్చ కనబడితే సెన్సర్ మీద దుమ్ము చేరినట్టే. దాన్ని తుడవాలంటే లెన్స్ మొత్తం విప్పాలి, రిపేరు ఖర్చు కెమెరా ధరకు దగ్గరగా వస్తుంది. బేరం ఆడొద్దు, తిరిగిచ్చేయండి. లెన్స్ చాచేటప్పుడు కరకరమని శబ్దం వచ్చినా ఇదే సలహా.

ఇంటిపని: తెలిసినవాళ్ల దగ్గర ఏదైనా జూమ్ కెమెరా అడిగి తెచ్చుకోండి. ఒకే బోర్డును మధ్యాహ్నం ఒకసారి, పొద్దు కుంకాక ఒకసారి పూర్తి జూమ్‌లో తీయండి. ఫొటోతో పాటు నమోదైన షట్టర్, ఐఎస్ఓ అంకెలు నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకోండి. 4వ పాఠంలో స్టెబిలైజర్‌ని ఆ అంకెలతోనే కొలుద్దాం.