ఉక్కు నడకదారిపై మంచు: చల్లినా కరగదెందుకు, కరిగినా తుప్పెందుకు

కెనడాలోని ఫోర్ట్ మెక్‌ముర్రే వంటి చోట్ల చమురు ప్లాంట్లలో ఎత్తున కట్టిన ఉక్కు నడకదారులు నేల మీది బాటల కన్నా ముందే గడ్డకడతాయి. అడుగున మట్టి ఉండదు కనుక చలిగాలి పైనా కిందా లోహంలోని వేడిని లాగేస్తుంది. సిమెంటు బాట మీద చల్లడానికి తెచ్చిన ఉప్పు బస్తానే ఇక్కడా విప్పితే తిప్పలు మొదలవుతాయి.

ఉప్పు చల్లినా మంచు కదలడం లేదు

చాలావరకు చలే కారణం. ఉప్పునీరు మైనస్ 21 డిగ్రీల దాకా ద్రవంగా ఉండగలదు నిజమే, కానీ మైనస్ 9 దాటాక ఉప్పు మంచును కరిగించే వేగం ఎందుకూ కొరగాదు. బస్తా మీద అచ్చేసిన అంకెను చూసి మురిసిపోకండి. ఉప్పుకు బదులు చల్లే మెగ్నీషియం క్లోరైడ్ దాదాపు మైనస్ 15 వరకు నెట్టుకొస్తుంది. కాల్షియం క్లోరైడ్ కరుగుతూ వేడి పుట్టిస్తుంది కాబట్టి మైనస్ 25లోనూ పనిచేస్తుంది.

చూడాల్సింది గాలి ఉష్ణోగ్రత కాదు, ఉక్కుది. తుప్పు పట్టకుండా ఉక్కుకు వేసే మెరిసే జింకు పూత మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తప్పు చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, అది ఉక్కంత చల్లబడ్డాక దాని మీద గురిపెట్టి కొలవండి.

కరిగింది, అయినా కాలు జారుతోంది

కాల్షియం క్లోరైడ్ ఎక్కువైంది. అది గాలిలోని తేమను పీల్చుకుని జిడ్డులా మిగులుతుంది. మోతాదు తగ్గించండి, మెత్తబడిన మంచును వెంటనే తోసేయండి. ప్లాస్టిక్ పారే వాడండి, ఇనుప పార జింకు పూతను గీరేస్తుంది.

ఉప్పు పలుకులు గ్రేటింగ్ (నడకదారికి పరిచే జాలీ పలక) సందుల్లోంచి కిందికి రాలుతున్నాయి

కింద కేబుల్ ట్రేలు, పంపులు ఉంటే నష్టం రెండింతలు. మంచు పడకముందే మంచు కరిగించే ద్రవాన్ని పలుచగా పిచికారీ చేయడం మేలు. ఇసుకా అంతే, సందుల్లోంచి రాలిపోతుంది.

తెల్లని పొడి, ఆపైన ఎర్రని తుప్పు

తెల్లపొడి కనిపించిందంటే జింకు కరుగుతోందన్నమాట. మామూలు ఉప్పు సహా క్లోరైడ్లన్నిటికీ ఈ గుణం ఉంది. పైన పలక నిగనిగలాడుతున్నా, తడి నిలిచే క్లిప్పుల కింద, బోల్టుల చుట్టూ ముందు తినేస్తుంది. స్టెయిన్‌లెస్ కదా అని ధీమా వద్దు, క్లోరైడ్ వల్ల దానికీ సన్నటి గుంటలు పడతాయి.

క్లోరైడ్ లేనివాటిలో నా ఓటు కాల్షియం మెగ్నీషియం అసిటేట్‌కే. ఖరీదెక్కువ, మైనస్ 7 దాటితే చేతులెత్తేస్తుంది. ముందుగా చల్లితే మాత్రం మంచును ఉక్కుకు అతుక్కోనివ్వదు. విమానాశ్రయాల రన్‌వేల మీద వాడే పొటాషియం అసిటేట్ మరింత చలికి తట్టుకుంటుంది, కానీ జింకును తింటుంది. గాల్వనైజ్డ్, అంటే జింకు పూసిన గ్రేటింగ్‌కు దాన్ని తేకండి. మన పొలాల్లో చల్లే యూరియాకు క్లోరైడ్ దోషం లేదు గానీ, మైనస్ 5 ప్రాంతంలోనే నీరసిస్తుంది. అది విడిపోతే వెలువడే అమ్మోనియా ఇత్తడి వాల్వులకు చేటు.

మైనస్ 30లో రసాయనాల మీద డబ్బు పోయకండి. గట్టి చీపురు, ముఖ్యమైన మెట్లకు విద్యుత్ హీటింగ్ కేబుల్, వీలైతే పైకప్పు వేయించండి. ఏది వాడినా చలి తగ్గగానే మంచినీళ్లతో కడగాలి. పైపును గ్రేటింగ్ అడుగు నుంచి కూడా పట్టండి.