అర్జీ రాయడం ఎలా? కామా దగ్గర తొందరపడకండి

ఏళ్ల తరబడి మా వీధివాళ్లకు అర్జీలు రాసిపెడుతున్నాను. తిరిగొచ్చిన అర్జీలూ నా దగ్గరికే వస్తాయి. వాటిలో కష్టం నిజమే, వాక్యమే తప్పు.

తెల్ల కాగితం, నల్ల పెన్ను తీసుకోండి. పైన ఎవరికి, కింద ఎవరు, తేదీ, ఒక్క వరుసలో విషయం. ఇంతవరకు ఎవరైనా రాయగలరు.

తరువాత జరిగింది రాయండి. ఒక సంగతికి ఒక వాక్యం, చివర చుక్క. 'వచ్చి, అడిగి, తిరిగి' అంటూ పేజీ పొడవునా లాగితే మధ్యలో కర్త మారిపోతాడు. 'నేను ఆఫీసుకు వచ్చి సారు లేరన్నారు' అని రాస్తారు. వచ్చింది ఒకరు, అన్నది మరొకరు. 'నేను ఆఫీసుకు వస్తే సారు లేరన్నారు' అనాలి.

ఇక అసలు చిక్కు కుటుంబ సభ్యుల వివరం. ఇక్కడ పెన్ను నెమ్మదించాలి.

'మా ఇంట్లో ఉండేది మా అన్న, కొడుకు, ఇద్దరు కూతుళ్లు.' నలుగురు. 'మా అన్న కొడుకు, ఇద్దరు కూతుళ్లు.' ముగ్గురే, అన్న లెక్కలో లేడు. 'మా అన్న కొడుకు ఇద్దరు కూతుళ్లు.' ఇప్పుడు మిగిలింది ఆ కొడుక్కి పుట్టిన ఇద్దరు పిల్లలు! ఒక్క అక్షరం మారలేదు, ఇద్దరు మనుషులు మాయమయ్యారు.

తమ్ముడైతే 'తమ్ముడి కొడుకు' అని మాటే మారి చెబుతుంది. అన్న, అక్క, అమ్మ, కొడుకు అలా మారవు. నోటితో చెప్పేటప్పుడు మధ్యలో ఆగుతాం కాబట్టి తెలుస్తుంది. కాగితం మీద ఆ ఆగడం కామానే. ఒకావిడ కామాల్లేకుండా రాసుకెళ్తే విచారణకు వచ్చినాయన ఇద్దరనే రాసుకున్నారు. అది దిద్దించడానికి ఆవిడ మూడుసార్లు తిరిగారు.

తాటాకుల మీద కామాలున్నాయా అని వాదించేవాళ్లున్నారు. లేవు. అక్కడ ఎక్కువగా ఉన్నది పద్యం. యతి, గణం దారి చూపేవి, గురువు పక్కన కూర్చుని విడదీసి చెప్పేవాడు. మీ అర్జీ చదివే గుమస్తాకు అవేవీ ఉండవు. వాక్యం ఎందుకు, పట్టిక గీస్తే చాలదా అంటారు ఇంకొందరు. గీయండి, కానీ పై వాక్యంలో ముగ్గురు, కింది పట్టికలో నలుగురు ఉంటే అనుమానం మొదలవుతుంది. ఫోనుకు చెప్పి టైపు చేయించడం మాత్రం వద్దు. కామాలు సరిగా రాకపోవచ్చు, పైగా 'కళ్లు' కాస్తా 'కల్లు' కావచ్చు.

రాశాక మీరే చదువుకుంటే లాభం లేదు. మీ ఇంటి లెక్క మీకు ముందే తెలుసు, లేని కామాను కూడా కన్ను చూసేస్తుంది. మీ కుటుంబం తెలియని వారికి ఇచ్చి 'ఎంతమంది ఉన్నారు?' అని అడగండి. వాళ్ల లెక్క తప్పితే వాళ్లకు వివరించకండి, వాక్యం మళ్లీ రాయండి.

సంతకం చేసి, జిరాక్సు తీసుకుని, సోమవారం కలెక్టరేటుకు వెళ్లండి. ఆ జిరాక్సు మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకున్నాకే వెనుదిరగండి.