వైఫై ప్రింటర్ కనెక్ట్ కావట్లేదా? రీసెట్ కొట్టే ముందు ఒక కాగితం ప్రింట్ తీయండి

ప్రింటర్ "ఆఫ్‌లైన్" అని కనపడగానే చాలామంది కంప్యూటర్‌లో డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అప్పటికీ కుదరకపోతే ఫ్యాక్టరీ రీసెట్ కొడతారు. ఈ రెండూ చిట్టచివర చేయాల్సిన పనులు. తప్పు ఎక్కడుందో చూడకుండా రీసెట్ చేస్తే అప్పటిదాకా సరిగ్గా ఉన్న సెట్టింగులు కూడా పోతాయి. అసలు తప్పు రౌటర్‌లో ఉంటే అది ఉన్నచోటే ఉంటుంది.

వైఫై ప్రింటింగ్‌లో మూడు ముళ్లు ఉంటాయి. ప్రింటర్‌కీ రౌటర్‌కీ మధ్య ఒకటి, రౌటర్‌కీ మీ ఫోన్ లేదా ల్యాప్‌టాప్‌కీ మధ్య ఇంకొకటి. ప్రింటర్ ఫలానా చోట ఉందని ల్యాప్‌టాప్ రాసిపెట్టుకున్న చిరునామా మూడోది. వీటిలో ఏది ఊడినా తెర మీద వచ్చే మాట ఒక్కటే: ఆఫ్‌లైన్. ఊడిన ముడి ఏదో ప్రింటర్‌నే అడగొచ్చు, తన నెట్‌వర్క్ వివరాలన్నీ ఒక కాగితం మీద రిపోర్టుగా ప్రింట్ చేసి ఇస్తుంది.

ఆ కాగితం ఎలా తీయాలి, ఏం చూడాలి

ఎప్సన్ ఎల్3150, ఎల్3250 లాంటి ఇంక్ ట్యాంక్ మోడళ్లలో ప్యానెల్ మీద నెట్‌వర్క్ స్టేటస్ బటన్ ఉంటుంది. ఒకసారి నొక్కితే కనెక్షన్ రిపోర్టు వస్తుంది. తెర లేని చాలా హెచ్‌పీ డెస్క్‌జెట్, స్మార్ట్ ట్యాంక్ మోడళ్లలో వైర్‌లెస్ బటన్, "ఐ" గుర్తున్న ఇన్ఫర్మేషన్ బటన్ రెండూ కలిపి నొక్కాలి. తెర ఉన్న ప్రింటర్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి నెట్‌వర్క్ మెనూలో రిపోర్టు ప్రింట్ చేయమంటే సరి.

కాగితం చేతికి వచ్చాక ముందు ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ప్రింటర్‌కి ఉన్న అంకెల చిరునామా) వరస చూడండి.

0.0.0.0 అని ఉన్నా, అక్కడ ఖాళీగా ఉన్నా ప్రింటర్ అసలు రౌటర్‌ని చేరలేదు. మొదటి ముడి ఊడింది.

169.254తో మొదలయ్యే అంకెలుంటే ప్రింటర్ చిరునామా అడిగింది, ఇచ్చేవాళ్లు లేక తనకు తానే ఒకటి పెట్టుకుంది. రౌటర్ ఇంకా పూర్తిగా లేవకముందే ప్రింటర్ అడిగినా, రౌటర్‌లో డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే ఏర్పాటు) ఆగిపోయినా ఇలా అవుతుంది. రౌటర్‌ని ఆపి, 30 సెకన్లు ఆగి వేయండి. లైట్లన్నీ నిలకడగా వెలిగాకే ప్రింటర్ ఆన్ చేయండి.

192.168తో మొదలయ్యే అడ్రస్ ఉంటే చుక్కల మధ్య ఉన్న మూడో సంఖ్యను మీ ఫోన్ వైఫై వివరాల్లో కనిపించే ఐపీతో పోల్చండి. రెండూ ఒకటే అయితే ప్రింటర్ వైఫైలో భేషుగ్గా ఉంది, తప్పు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో, వాటికీ రౌటర్‌కీ మధ్యో ఉంది. వేరైతే అది ఇంటర్నెట్ కంపెనీ మారిన ఇళ్లలో తరచూ వచ్చే చిక్కు. ఉదాహరణకు పాత రౌటర్ 192.168.1 వరసలో చిరునామాలిచ్చేది. కొత్తగా జియో ఫైబర్ పెట్టించారు, దాని వరస 192.168.29. పాత రోజుల్లో ఎవరో ప్రింటర్‌కి 192.168.1.50 అని స్థిరంగా పెట్టి ఉంటే కొత్త రౌటర్ పేరు, పాస్‌వర్డ్ కరెక్టుగా ఇచ్చినా లాభం ఉండదు. ప్రింటర్ మీద వైఫై లైటు నిలకడగా వెలుగుతూనే ఉంటుంది, ఎవరికీ అందదు. ప్రింటర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఐపీని "ఆటో" చేస్తే తీరిపోతుంది. బటన్లు తప్ప తెర లేని మోడల్ అయితే నెట్‌వర్క్ సెట్టింగులు మాత్రం రీసెట్ చేయాలి.

అదే కాగితంలో నెట్‌వర్క్ పేరు కూడా చూడండి. అక్కడ పాత రౌటర్ పేరే ఉందంటే ఇక వెతకక్కర్లేదు. ఎప్సన్ రిపోర్టులో ఎర్రర్ కోడ్ ఉంటే అదీ పనికొస్తుంది. ఈ-2, ఈ-3, ఈ-7 వచ్చాయంటే నెట్‌వర్క్ పేరో పాస్‌వర్డో తేడా. ఈ-5 అంటే సెక్యూరిటీ రకం కుదరలేదు. ఈ-6 అంటే రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ (పరికరాల గుర్తింపు నంబర్లు చూసి లోపలికి రానిచ్చే కాపలా) పెట్టి ప్రింటర్‌ని బయటే ఆపేశారు. సిగ్నల్‌ని డీబీఎంలలో (సిగ్నల్ బలానికి కొలత) చూపిస్తే మైనస్ 50 దగ్గర బాగున్నట్టు, మైనస్ 75 దాటితే నమ్మకం లేనట్టు. రౌటర్‌కీ ప్రింటర్‌కీ మధ్య ఇనప బీరువా, ఫ్రిజ్ లాంటివి ఉంటే పక్క గదిలోకి కూడా సిగ్నల్ చిక్కిపోయి వస్తుంది. ప్రింటర్‌ని రెండడుగులు జరిపి రిపోర్టు మళ్లీ తీసి చూడండి.

రౌటర్‌ని చేరనప్పుడు

ఇళ్లలో వాడే ఇంక్‌జెట్, ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే తెలుసు. 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ వాటి జాబితాలో కనపడదు. అందుకే "ఫోన్‌లో కనిపిస్తోంది, ప్రింటర్‌లో కనిపించట్లేదు" అనే ఫిర్యాదు.

ఫైబర్ రౌటర్ 2.4, 5 అనే రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి, ఎవరిని ఎటు పంపాలో తనే నిర్ణయిస్తుంటే చిక్కు ఇంకొంచెం పెద్దది. రౌటర్ పేజీలోకి వెళ్లి బ్యాండ్ స్టీరింగ్ లేదా స్మార్ట్ కనెక్ట్ అనే సెట్టింగ్ ఆపేయండి. 2.4కి ఒక పేరు, 5కి ఒక పేరు పెట్టండి. రౌటర్ పేజీ అడ్రస్, లాగిన్ వివరాలు రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. ఎక్కువగా 192.168.1.1, జియోలో 192.168.29.1. ప్రింటర్ 2.4లో ఉంది కదా, ఫోన్ కూడా రోజూ అందులోనే ఉండాలేమో అని బెంగ వద్దు. రెండు బ్యాండ్లూ ఒకే ఇంటి రెండు గుమ్మాలు. ఫోన్ 5లో ఉన్నా ప్రింట్ వెళ్తుంది. సెటప్ చేసే పది నిమిషాలు మాత్రం ఫోన్‌ని 2.4లోకి మార్చండి, కొన్ని యాప్‌లు ఫోన్ ఉన్న నెట్‌వర్క్‌నే ప్రింటర్‌కి అంటగడతాయి.

ఆ పేజీలో ఉండగానే సెక్యూరిటీ చూడండి. డబ్ల్యూపీఏ3 (వైఫై పాస్‌వర్డ్ రక్షణలో కొత్త రకం) మాత్రమే అని ఉంటే పాత ప్రింటర్లు లోపలికి రాలేవు. పాస్‌వర్డ్ తప్పని అంటాయి, అది తప్పు కాకపోయినా. డబ్ల్యూపీఏ2 పర్సనల్, ఏఈఎస్ ఎంచుకోండి. డబ్ల్యూపీఏ2, 3 కలిపిన మోడ్‌తోనూ కొన్ని ప్రింటర్లు పేచీ పెడతాయి, అప్పుడు వట్టి 2కి రండి. 2.4 వైఫై ఛానెల్ ఆటోలో ఉంటే 1, 6, 11లలో ఒకటి పెట్టండి. మన దేశంలో రౌటర్లు 12, 13 ఛానెళ్లు కూడా వాడుకోవచ్చు, 11 దాకానే వినే ప్రింటర్లకు అవి వినపడవు. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇంగ్లిష్ అక్షరాల్లో, అంకెల్లోనే ఉంచండి. పేరులో ఎమోజీనో తెలుగు అక్షరమో ఉంటే కొన్ని ప్రింటర్లు దాన్ని చదవలేవు.

ఇంతా చూశాక మళ్లీ కలపడం ఇలా:

1. ప్రింటర్‌ని రౌటర్‌కి ఆరేడు అడుగుల దూరంలో పెట్టండి. సెటప్ అయ్యాక దాని చోటికి మార్చుకోవచ్చు.
2. నెట్‌వర్క్ సెట్టింగులు మాత్రమే రీసెట్ చేయండి. ఎప్సన్ ఎల్3150, ఎల్3250లలో ప్రింటర్ ఆపి, నెట్‌వర్క్ స్టేటస్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ వేయాలి. వైఫై, వైఫై డైరెక్ట్ (రౌటర్ లేకుండా ఫోన్ నేరుగా ప్రింటర్‌కి కలిసే పద్ధతి) లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతుంటే రీసెట్ అయినట్టు. చాలా పాత హెచ్‌పీల్లో వైర్‌లెస్, క్యాన్సిల్ బటన్లు కలిపి నొక్కి పట్టుకోవాలి. కొత్తవాటిలో వెనకున్న వైఫై బటన్. హెచ్‌పీ ప్రింటర్ రీసెట్ తర్వాత 2 గంటలే సెటప్ మోడ్‌లో ఉంటుంది. భోజనం చేసొచ్చి చూద్దామనుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.
3. ఫోన్‌లో మొబైల్ డేటా, వీపీఎన్ (ఇంటర్నెట్‌ని వేరే దారిలో పంపే యాప్) ఆపండి. లొకేషన్ ఆన్ చేయండి. కంపెనీ యాప్ తెరిచి ప్రింటర్‌ని జోడించండి.

మూడో అడుగులో మొబైల్ డేటా మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ సెటప్ సగంలో ఆగిపోవడానికి మూలం చాలాసార్లు అదే. సెటప్ సమయంలో ఫోన్ కాసేపు ప్రింటర్ సొంత వైఫైకి కలుస్తుంది. అందులో ఇంటర్నెట్ ఉండదు. "ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు" అని ఫోన్ గుట్టుచప్పుడు కాకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది. యాప్ మాత్రం ప్రింటర్ కోసం వెతుకుతూ చక్రం తిప్పుతుంటుంది. ఇక లొకేషన్ ఎందుకంటే, చుట్టూ ఉన్న వైఫై పేర్లు చూడాలంటే ఆండ్రాయిడ్ యాప్‌కి ఆ అనుమతి కావాలి. ఐఫోన్‌లో అయితే ప్రైవసీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి లోకల్ నెట్‌వర్క్ కింద ఆ యాప్‌కి అనుమతి ఉందో లేదో చూడండి. ఐఓఎస్ 14 నుంచి ఈ అనుమతి అడుగుతోంది. మొదటిసారి అడిగినప్పుడు "వద్దు" నొక్కితే, అక్కడికి వెళ్లి అనుమతి ఇచ్చేదాకా ప్రింటర్ కనపడదు.

యాప్ గొడవ వద్దనుకుంటే డబ్ల్యూపీఎస్ ఉంది, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్లు నొక్కి కలిపే పద్ధతి. రౌటర్ మీద ఆ బటన్ నొక్కి, 2 నిమిషాల లోపు ప్రింటర్ వైఫై బటన్‌ని 5 సెకన్లు దాటి పట్టుకోవాలి. నెట్‌వర్క్ పేరు దాచి ఉంచినా, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మాత్రమే అయినా ఇది పనిచేయదు.

రౌటర్ మార్చబోయే వాళ్లకు ఒక మాట. కొత్త రౌటర్‌కి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ అచ్చంగా అవే పెట్టండి, పెద్ద చిన్న అక్షరాలతో సహా. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఉంచండి. ఐపీ ఆటోలో ఉంటే చాలు, ప్రింటర్, టీవీ, గోడ మీది కెమెరా అన్నీ వాటంతటవే వచ్చి కలుస్తాయి. ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చిన అబ్బాయి వెళ్లేలోపే ఈ పని చేయించుకుంటే మేలు.

వైఫైలో ఉంది, అయినా ప్రింట్ రావట్లేదు

కాగితంలో ఉన్న ఐపీ అడ్రస్‌ని ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో కొట్టండి. ప్రింటర్ సొంత పేజీ తెరుచుకోవాలి. "సెక్యూర్ కాదు" అని హెచ్చరిక వస్తే భయం లేదు, మీ ఇంట్లో ఉన్న ప్రింటరే, ముందుకు వెళ్లండి.

పేజీ తెరుచుకోలేదంటే రెండో ముడి చూడాలి. ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైలో ఉందా? గెస్ట్‌లో ఉన్నవాళ్లకు ఇంట్లో మిగతా పరికరాలు కనపడకుండా రౌటర్ అడ్డుగోడ కడుతుంది. రౌటర్‌లో ఏపీ ఐసొలేషన్ ఆన్‌లో ఉన్నా అంతే. వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లు ఆఫీసు వీపీఎన్ ఆపి చూడాలి, చాలా కంపెనీల వీపీఎన్ ఇంటి నెట్‌వర్క్‌కి దారి మూసేస్తుంది.

పేజీ తెరుచుకుందంటే తప్పు మూడో ముడిలో ఉంది. విండోస్‌లో సెట్టింగ్స్ నుంచి ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కి, అక్కడ మీ ప్రింటర్ నొక్కి ప్రింటర్ ప్రాపర్టీస్‌కి, అందులో పోర్ట్స్ ట్యాబ్‌కి వెళ్లండి. ల్యాప్‌టాప్ రాసిపెట్టుకున్న చిరునామా ఇదే. టిక్ ఉన్న పోర్టులో డబ్ల్యూఎస్‌డీ (విండోస్ తనంతట తానే వెతికి పెట్టుకునే పోర్టు) అనో, పాత ఐపీ అడ్రస్సో ఉంటుంది. యాడ్ పోర్ట్ నొక్కి స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ ఎంచుకుని కాగితంలోని అడ్రస్ ఇవ్వండి. తర్వాత కాన్ఫిగర్ పోర్ట్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ టిక్ తీసేయండి. ప్రింటర్ ఎలా ఉందని విండోస్ అడిగే ప్రశ్న అది. ఆ ప్రశ్నకు ప్రింటర్ జవాబివ్వకపోతే, ప్రింటర్ మెలకువగా ఉన్నా విండోస్ ఆఫ్‌లైన్ ముద్ర వేస్తుంది. ప్రింట్ క్యూ తెరిచి "యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్" మీద టిక్ లేకుండా చూసుకోండి, ఇరుక్కున్న పాత ప్రింట్లు తీసేయండి. వైఫై ప్రాపర్టీస్‌లో నెట్‌వర్క్ రకం పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కి మార్చండి.

ఇదంతా నాలుగు రోజులకే మళ్లీ చెడకుండా ఉండాలంటే రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ చేయాలి. మామూలుగా రౌటర్ ఇచ్చే అడ్రస్ అద్దె ఇల్లు లాంటిది, గడువు తీరాక వేరేవాళ్లకు పోవచ్చు. రిపోర్టులో మ్యాక్ అడ్రస్ అని జతలు జతలుగా 12 అక్షరాలు ఉంటాయి. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ కింద ఆ మ్యాక్‌నీ, మీరు కోరుకున్న ఐపీనీ కలిపి రాసేయండి. ప్రింటర్‌లోనే స్థిర ఐపీ పెట్టడం కంటే ఇదే నయం. రౌటర్ మారినా ప్రింటర్ పాత వరసలో ఇరుక్కోదు.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రింటర్ మాయమవుతోందా? ప్రింటర్ అర నిమిషంలో లేస్తుంది. ఫైబర్ బాక్సు, రౌటర్ తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అప్పటికే కొన్ని ప్రింటర్లు వెతికి వెతికి ఊరుకుంటాయి. రౌటర్‌ని 12 వోల్టుల మినీ యూపీఎస్ మీద పెట్టండి, వోల్టేజీ రౌటర్ అడాప్టర్ మీద ఉన్నదానితో సరిపోవాలి. ప్రింటర్‌ని మాత్రం ఆ మినీ యూపీఎస్‌కి తగిలించకండి.

ఇన్ని చేసినా దారికి రాకపోతే వైఫై డైరెక్ట్ ఆన్ చేసి ఫోన్ వైఫై జాబితాలో చూడండి. "డైరెక్ట్" అనే మాటతో మొదలయ్యే ప్రింటర్ పేరు కనపడితే దాని రేడియో బతికే ఉంది, రౌటర్ వైపే మళ్లీ వెతకాలి. పక్కనే పెట్టినా పేరు కనపడకపోతే లోపలి వైఫై కార్డు పోయి ఉంటుంది. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కి, లేకపోతే 5 మీటర్ల లోపు యూఎస్‌బీ కేబుల్ కొనండి. ఆ ప్రింటర్లకు వెనక చదరపు పిన్ను, అంటే బీ టైప్ ఉంటుంది, షాపులో ప్రింటర్ కేబుల్ అంటే అదే ఇస్తారు.